ఆంటీ అన్న పాపానికి

చెంగ్డూ, చైనా

నానమ్మకి నీ మనవరాలు మేఘన దణ్ణం పెట్టి రాస్తున్నది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అక్కడ చాండ్లర్‌లో ఎండలు తగ్గాయా, పొద్దున్న వాకింగ్ మొదలుపెట్టావా? అమ్మకి నడుము నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. జలుబు చేసింది, తగ్గిపోయింది. నువ్వు నమ్మవు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, బాగున్నాను. ఈ కాగితాల ఫొటోలు తమ్ముడికి పంపుతున్నాను, వాడు ప్రింట్ తీసి నీకిస్తాడు. వాడికి తెలుగు చదవడం రాదు కనుక మన మాటలు మన మధ్యే ఉంటాయి. తప్పులుంటే దిద్ది పెట్టు, వచ్చాక చూసుకుంటాను.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరంలో నీకో పని ఉంది. నేను వేసవి దాకా ఇక్కడే ఉండి చదువుకోవాలి. నాన్నని ఫోన్‌లో అడిగితే, "ఒక సెమిస్టర్ చాలమ్మా. స్ప్రింగ్‌కి వచ్చేయ్. ఇంటర్న్‌షిప్స్‌కి అప్లై చేయాలి కదా?" అన్నాడు. నేను వదలలేదు. చివరికి, "సరే, ఆ స్పీకింగ్ టెస్ట్ పాసవ్వు, తర్వాత చూద్దాం" అన్నాడు. నాన్న చూద్దాం అంటే అర్థమేమిటో నీకూ నాకూ తెలుసు.

ఆ పరీక్ష ఏమిటంటే, ఈ చుట్టుపక్కల పని చేసుకునే మనిషిని ఒకరిని ఎంచుకుని, వాళ్ళ జీవితం తెలుసుకుని, కాగితం చూడకుండా చైనీస్‌లో క్లాసు ముందు చెప్పాలి. పాసైనవాళ్ళకే స్ప్రింగ్‌లో చోటు.

నేను ల్యూ అక్కని ఎంచుకున్నాను. మా హాస్టల్ వెనక సందులో ఆవిడకి చిన్న నూడుల్స్ కొట్టు ఉంది. ఇక్కడ క్యాంటీన్‌లో మాంసం వద్దంటే సరేనంటారు, కానీ చిక్కుడుకాయల మీద కాస్త ఖీమా చల్లుతారు. అది మాంసం కాదట, రుచి కోసమట. రెండుసార్లు అలా మోసపోయాక ఆ సందులో టమాటా, కోడిగుడ్డు నూడుల్స్ దొరికాయి. గుడ్డు తింటున్నానని కోప్పడకు. వేడివేడిగా, పుల్లగా, కళ్ళు మూసుకుంటే నీ టమాటా చారు గుర్తొస్తుంది.

మొదట్లో బాగానే ఉండేది. ఆవిడ నన్ను చూడగానే "తిన్నావా?" అని అడిగేది. ఇక్కడ అందరూ అలాగే పలకరిస్తారు. అమెరికాలో పుట్టిన నాకు ఆ పలకరింపు నీ దగ్గర, మళ్ళీ ఈ సందులోనే వినిపించింది. ఆ చనువుతో ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉండగా గట్టిగా చైనీస్‌లో పిలిచాను, "ఆంటీ, ఒక గిన్నె!" అని.

ఆవిడ గిన్నె నా ముందు ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది. పక్కన కూర్చున్న అమ్మాయి నా చెవిలో, "అక్క అనాలి. ఆంటీ అంటే ముసలిదానివి అన్నట్టే" అంది. నేనేమో పుట్టినప్పటి నుంచి అమ్మ స్నేహితుల్ని, గుడిలో కనిపించినవాళ్ళని, అందరినీ ఆంటీ అనే పిలిచాను. నాకు తెలిసిన మర్యాదే ఇక్కడ అమర్యాద అయింది.

మర్నాడు వెళ్ళి బుద్ధిగా "అక్కా" అన్నాను.

"నిన్న ఆంటీని, ఇవాళ అక్కనయ్యానా? రేపు చెల్లినవుతానేమో" అంది, కత్తి ఆపకుండా ఉల్లికాడలు తరుగుతూ. కొట్టులో వాళ్ళంతా నవ్వారు.

సంగతి తెలిసి టీచర్ వేరే మనిషిని వెతుక్కోమన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజూ వెళ్ళాను. ఆవిడ మాట్లాడేది కాదు, నేను తినేసి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో ఒంటరిగా అనిపించింది, నానమ్మా. ఇక్కడ ఆకాశం ఎప్పుడూ బూడిద రంగే. ఉతికిన బట్టలు ఆరవు. ఎండ వస్తే జనమంతా పనులు మాని బయటికొచ్చి కూర్చుంటారు. నువ్వక్కడ ఎండకి కర్టెన్లు వేసుకుంటుంటావు. పార్కులో ఒక తాతగారు పెద్ద బ్రష్షు నీళ్ళలో ముంచి నేల మీద అక్షరాలు రాస్తారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి అక్షరాలు ఆరిపోతాయి. నువ్వు పళ్ళెంలో బియ్యం పోసి నాకు 'అ ఆ'లు దిద్దించింది గుర్తొచ్చి, ఆయన వెనకే నడుస్తూ ఆరిపోకముందే ఒక్కో మాటా చదివాను. ఒక కొత్త మాట నోటికి వచ్చిన రోజు నాకు ఎండ వచ్చినట్టే ఉంటుంది.

ఆ పార్కులోనే అక్కకి చెప్పవలసిన మాటలు కూడబలుక్కున్నాను. ఒక వాన రోజు కొట్టులో ఎవరూ లేనప్పుడు వెళ్ళి నిలబడి చెప్పాను. "మా ఇంట్లో ఆంటీ అంటే ముసలిదని కాదు. చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళి తినవచ్చు. వాళ్ళు మనల్ని తిట్టవచ్చు."

ఆవిడ తల ఎత్తింది. "తిట్టవచ్చా?"

"తిట్టవచ్చు."

"అయితే విను. వానలో తల తడుపుకుని తిరుగుతావా, బుద్ధుందా? ఐసు నీళ్ళు తాగుతావు, కడుపు పాడైపోతుంది. ఆ పొట్టి సాక్సులేంటి, చలికాలంలో కాళ్ళు బయట పెట్టుకుని? మీ అమ్మ చూస్తే ఏమంటుంది?" అని వేడినీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టింది. "పిలవడం మాత్రం అక్క అనే పిలువు. తిట్టే హక్కు నేను వదులుకోను."

అప్పటి నుంచి రోజూ తిట్లు, వేడినీళ్ళు, కబుర్లు. కొండల్లో వాళ్ళ ఊరు, దూరంగా ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో చేసిన ఉద్యోగం, సొంత కొట్టు తెరిచిన రోజు ఎవరూ రాకపోతే తనే ఒక గిన్నె వండుకుని కూర్చుని తినడం, అన్నీ చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. నేను ఆంటీ అన్న రోజు పొద్దున్నే వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఈ వయసులో నిన్నెవరు చేసుకుంటారు?" అందట.

పరీక్షలో నేను మొదటి మూడూ చెప్పాను. టీచర్, "అంత కోపం ఎందుకు వచ్చిందో ఆవిడ చెప్పలేదా?" అని అడిగారు. చెబితే ఎక్కువ మార్కులు వస్తాయని తెలుసు. "చెప్పింది. మీకు చెప్పమని చెప్పలేదు" అన్నాను. ఆయన తల ఊపి కూర్చోమన్నారు. ఇక ఇంటికే అనుకున్నాను.

పాసయ్యాను, నానమ్మా.

మరి వాళ్ళమ్మ అన్న మాట నీకెలా చెప్పానంటావా? అక్కని అడిగాను. "నానమ్మలకి చెప్పవచ్చు" అంది.

చైనా కొత్త సంవత్సరానికి అక్క కొట్టు మూసి ఊరెళ్తుంది. తిరిగొచ్చి తెరిచిన రోజు మొదటి గిన్నె నాదేనట. ఆ రోజు తను ఒక్కతే కూర్చుని తినదు. నేను వస్తానని మాటిచ్చేశాను. ఇచ్చిన మాట తప్పకూడదని నాన్నని పెంచింది నువ్వే. అది నాన్నకి గుర్తుచేయి. భోజనం అయ్యాక చెప్పు, ముందు చెప్పకు.

నీ చారుపొడి కొలతలు రాసి పంపు, అక్క రుచి చూస్తుందట. అమ్మకి నా నమస్కారాలు. పక్కింటి సరోజ ఆంటీకి కూడా, ఆంటీ అన్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు.

నిన్న అక్క, "మీ నానమ్మ నాతో ఫోన్‌లో మాట్లాడితే నేనేమని పిలవాలి?" అని అడిగింది. ఆంటీ అనమన్నాను. నువ్వు కోపం తెచ్చుకోవని నా ధైర్యం.

నా నెత్తిన చెయ్యి పెట్టినట్టే అనుకుని దీవించు.

నీ తిట్లకి దూరమైనా తిట్లకి కరువు లేని మనవరాలు,
మేఘన