నువ్వు ఒప్పుకోని ఫొటోలు

వసంతా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున నీ పటానికి పూలు పెట్టి, మైలాపూరులో లాయరమ్మ ఆఫీసుకి పనికి వెళ్లాను. బూతు వెబ్‌సైట్లను అదుపు చేసే చట్టం తెమ్మని ఒక మహిళా సంఘం రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీ ఇస్తోంది. దాన్ని నేనే టైపు చేశాను. ఫొటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని లోకానికి చూపడానికి ఒప్పుకోవడం వేరు అని అందులో ఉంది. అక్కడ నా చేతులు ఆగిపోయాయి.

నీ మొగుడు ఇంట్లో తీసిన నీ ఫొటోలని, మీరు విడిపోయాక అలాంటి సైటులోనే పెట్టాడు. నువ్వు పనిచేసే మనలి ఆఫీసువాళ్లు వాటిని చూశారు. నువ్వు ఉద్యోగం మానేసి వ్యాసర్పాడిలో మా ఇంటికొచ్చేశావు.

"ఏమ్మా, నిలిపేస్తివే?" అంది లాయరమ్మ.

"దీన్ని ఒప్పుకుంటారా మేడమ్?"

"కష్టమే. సర్కారులో ఉండేవాళ్లు, ఆమె ఫొటో ఎందుకు దిగిందనే అడుగుతారు."

నేనూ అదే అడిగాను కదా. నువ్వు ఏడుస్తూ చెప్తుంటే, "సిగ్గు లేకుండా ఎందుకు దిగినావే?" అన్నాను. ఆ తర్వాత నువ్వు నాతో ఆ మాటే ఎత్తలేదు. నెల తిరక్కుండానే పోయావు.

ఇలా నష్టపోయిన ఆడవాళ్ల కథలు కూడా అర్జీకి జతచేస్తున్నారు. లాయరమ్మని అడిగి, నీ సంగతి ఒక పేజీ టైపు చేశాను, నేనన్న మాటతో సహా. అడుగున, ఆమె అక్క అని రాసి సంతకం పెట్టాను.

నీ పేరు మాత్రం రాయలేదు. రాయమంటావో వద్దంటావో అడగడానికి నువ్వు లేవు.

అక్క