ఎదురుగా నేర్చిన ముడి

పటమట,
12-2-1998

ప్రియమైన వదినా,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు, అమ్మకి వినిపించకు. నాలుగుసార్లు రాసి చింపేశాను. నేను పాపిష్టిదాన్ని వదినా.

రెండేళ్ళ కిందటి తుఫానులో అన్నయ్య, మరియదాసు ఒకే పడవలో పోయారు. తొమ్మిదో రోజున ఒక్క శవమే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మొహం చేపలు తినేశాయి. నడుముకి కట్టుకున్న తాడు మాత్రం ముడితో సహా ఉంది. ఇద్దరిలో ఎవరో తెలియక అందరూ కొట్టుమిట్టాడుతుంటే, ముడుల లెక్కల మీద రీసెర్చి చేసే నేను నోరు విప్పాను. "ఇది అన్నయ్య ఎప్పుడూ కట్టే ముడే, లెక్క కట్టి చూశాను" అన్నాను. చదువుకున్న పిల్ల మాట కదా అని నమ్మారు. నీ గాజులు పగలగొట్టారు.

తాడు కొసలు రెండూ కలిపేశాక, ముడిని ఎంత లాగినా ఎటు తిప్పినా మారని గుర్తు ఒకటి ఉంటుంది. తాడు ఎక్కడ పైనుంచి పోయిందో, ఎక్కడ కిందనుంచి పోయిందో చూసి దాన్ని లెక్క కడతాం. గుర్తులు వేరైతే ముడులు వేరే. కానీ గుర్తులు ఒకటైనంత మాత్రాన ముడులు ఒకటి కావు. ఇది మాకు మొదటి రోజు చెప్పే పాఠం. ఆ రోజు ఏడుపులో మర్చిపోయాను. లేదు, అబద్ధం. నా చదువు ఊరికి పనికొచ్చిందని లోలోపల మురిసిపోయాను.

మొన్న కాగితాల్లో, శవం మీది ముడికి ఆ రోజు నేను గీసుకున్న బొమ్మ దొరికింది. అన్నయ్య ఒకప్పుడు సరదాగా కట్టిచ్చిన ముడి పక్కన పెట్టి చూశాను. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారు! ఎంత తిప్పినా ఇది అది కాదు. నేను వాడిన లెక్కకి ఆ తేడా కనిపించదు. మనం తగలబెట్టింది అన్నయ్యని కాదు వదినా. ఎక్కడన్నా బతికే ఉన్నాడేమో. తిట్టినా సరే, ఏం చెయ్యమంటావో రాయి.

నీ ఆడపడుచు,
నాగలక్ష్మి

గిలకలదిండి,
20-2-1998

నాగలక్ష్మీ, నా తల్లీ,

నువ్వు మొన్న కనుక్కున్నది నేను ఆ రోజే కళ్ళతో చూశాను. మరియదాసు మన అరుగు మీద మీ అన్నయ్యకి ఎదురుగా కూర్చుని ఆ ముడి నేర్చుకున్నాడు. ఎదురుగా చూసి నేర్చుకుంటే తిరగబడే వస్తుంది కదా. "ఒరేయ్, మళ్ళీ తిరగేశావు" అని మీ అన్నయ్య నవ్వేవాడు.

మరి నోరెందుకు మూసుకున్నావంటావా? తొమ్మిది రోజులుగా మీ అమ్మ ఒడ్డున కూర్చుని పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. శవం కనబడితే లేచి ఇంటికొస్తుందనుకున్నా. నువ్వు అన్నయ్యే అనగానే సరేనన్నాను. మీ బాబాయి చేత పరాయి బిడ్డకి తలకొరివి పెట్టించాను. సమాధి చెయ్యాల్సిన క్రైస్తవుల బిడ్డని బూడిద చేసి సముద్రంలో కలిపాం. నీది పొరపాటు. నాది పాపం.

మీ అన్నయ్య మీద ఆశ పెట్టుకోకు. బతికుంటే రెండేళ్ళు ఊరుకునే మనిషా? మీ అమ్మకి నేనే చెబుతాను. నువ్వు బస్సెక్కి వచ్చెయ్యి.

పొద్దున నీ ఉత్తరం పట్టుకుని మరియదాసు వాళ్ళమ్మ అమలమ్మగారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. చెంప పగలగొడుతుందనుకున్నా.

"మరి వాడికి ప్రార్థన ఎవరు చేశారమ్మా?" అంది.

"ఎవరూ చెయ్యలేదండీ" అన్నాను.

లోపలికెళ్ళి తలుపేసుకుంది. కొడుకు వస్తాడని ఈ రెండేళ్ళూ ఆవిడ కంట తడి పెట్టలేదు. ఇప్పుడు ఏడుస్తోంది. ఇది రాస్తుంటే ఇక్కడికి వినబడుతోంది.

మీ వదిన,
కొండలమ్మ