ఎదురుగాలి

కోవిల్పట్టి
1998 జులై

ప్రియమైన పొన్నయ్య బావకు,

మారిసామి నమస్కారాలు. బెజవాడ షెడ్డులో మనిద్దరం కలిసి నేర్చుకున్న తెలుగు అక్షరాలు మరిచిపోకూడదని ఇలా రాస్తున్నాను. అక్కకు అరవమే చదవడం వచ్చు కాబట్టి దీన్ని చూసి కోడి కెలికినట్టుందని నవ్వుతుంది. నవ్వనీ.

నా జీపు పరువు తీస్తోంది. సాత్తూరు రోడ్డులో చెడిపోయిన లారీకి గొలుసు తగిలించి కాస్త దూరం లాగానో లేదో, నీళ్లు మరిగి బుసలు కొడుతుంది. లారీ డ్రైవర్లు దిగొచ్చి టీ కాచుకోవచ్చా అని అడుగుతున్నారు. పెద్ద రేడియేటర్ వేయాలా, ముందు కరెంటు ఫ్యాను పెట్టాలా? మెకానిక్ సుడలైమణి అయితే థర్మోస్టాట్ పీకి పారేయమంటున్నాడు.

బండి నిలవకుండా లాగితే ఈ రోడ్డు పనంతా నాకే ఇస్తామని లారీ ఓనర్లు అన్నారు. అది దొరికిన రోజే ఇసక్కిని వెంబకోట్టై టపాసుల పని మాన్పిస్తాను. నా పెళ్లాం పొద్దున్నే ఆ కంపెనీ వ్యాను ఎక్కుతుంటే నాకు గుండె పీచుపీచుమంటుంది బావా.

నీ బామ్మర్ది
మారిసామి

*

విరుదునగరం
1998 జులై

ప్రియమైన మారిసామికి,

దీవెనలు. థర్మోస్టాట్ మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి విరుస్తానని సుడలైమణికి చెప్పు. కరెంటు ఫ్యానూ వద్దు, నీ డైనమో దీపాలకే ఏడుస్తోంది. నాలుగు వరుసల రాగి రేడియేటర్ నా చేత్తో అతికి పంపుతాను. ఆరు రెక్కల ఫ్యాను వెయ్యి. దాని చుట్టూ రేకు గూడు కట్టించు, లేకపోతే గాలి పక్కలకు జారిపోతుంది. ఒట్టపిడారం వైపు పోయినప్పుడు బోరు ఉప్పునీళ్లు పోయకు.

అన్నిటికన్నా ముఖ్యం, రేడియేటర్ ముందు ఏదీ అడ్డం ఉండకూడదు. ఆ పెద్ద లైట్లు, పేరు బోర్డు విప్పెయ్. బరువు లాగే బండికి ఎదురుగాలే ఊపిరి. వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకితే ఎవరేమన్నా సరే, ఆపు.

ఇలా చేస్తే ఆ బండి మరగదు. మరిగితే నా షెడ్డుకు తాళం వేసుకుంటాను.

మీ బావ
పొన్నయ్య

*

కోవిల్పట్టి
1998 సెప్టెంబర్, ఆయుధపూజ

ప్రియమైన బావకు,

నువ్వు రాసినట్టే అన్నీ చేశాను. లైట్లు విప్పాను, బోర్డు విప్పాను. నాగలాపురం నుంచి ఎండలో సిమెంటు లారీని లాక్కొచ్చాను, ముల్లు కదల్లేదు. రోడ్డు పని నాదే అయింది. ఇసక్కితో ఇక మానుకోమన్నాను. "ఈ దీపావళిదాకా పొయ్యొస్తా. అప్పరం నీ బండిని నమ్ముకోని ఇంట్లోనే ఉంటా" అంది. సరేనన్నాను.

పూజకు అక్క వచ్చింది. ఇంత పెద్ద పనికి ఇంత చిన్న మాలా అని నన్ను తిట్టి, బంతిపూలు గంపతో తెప్పించి తానే కూర్చుని కట్టింది. "మనకి కూడు పెట్టే సామిరా ఇది. ముకం నిండా మాల ఎయ్యకుంటే ఎట్ల?" అంది. రెండు వైపులా అరటి పిలకలు, నడుమ మాలలు. జీపు పెళ్లికొడుకులా ఉంది. అవి వాడి రాలేదాకా తీయకూడదట.

రేపు వెంబకోట్టై దగ్గర ఒక లారీ లాగాలి.

మారిసామి

*

కోవిల్పట్టి
1998 అక్టోబర్

పొన్నయ్య గారికి,

ఇసక్కిని మట్టి చేసిన రోజు మీరొచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను లేచి అవతలకు పోయి కూర్చున్నాను.

పూజ మర్నాడు నేను ఆ లారీ దగ్గర ఉండగానే ఆమె పనిచేసే షెడ్డు పేలింది. కాలినవాళ్లను కంపెనీ వ్యానులో పడుకోబెట్టారు. వ్యాను స్టార్టు కాలేదు. గొలుసు తగిలించి నేనే లాగాను. సాత్తూరు ఆస్పత్రికి సగం దారి రాకముందే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపమన్నారు మీరు. ఆమె కేకలు వినిపిస్తుంటే ఎలా ఆపను? ఇంజను పట్టేసింది. వేరే బండి వచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. నీళ్లడిగితే రేడియేటర్ కోసం పెట్టుకున్న నీళ్లే తాపించాను. ఆస్పత్రి గేటు దాటకుండానే పోయింది.

మరగదన్న మీ మాట నమ్మి గొలుసు వేశాను. లేకపోతే ఏ లారీ దొరికినా ఎక్కించేవాణ్ని. జీపును మీ షెడ్డుకే పంపుతున్నాను. విప్పి చూసుకోండి.

మారిసామి

*

విరుదునగరం
1998 అక్టోబర్

ప్రియమైన మారీ,

నీ పూజ ఉత్తరం, ఇసక్కి కబురు ఒకే రోజు అందాయి. అప్పుడే నాకు అనుమానం తగిలింది. మొన్న జీపు విప్పాను. రేడియేటర్ చెక్కుచెదరలేదు. దాని ముందు ఉడికిపోయిన బంతిపూలు అట్టకట్టి ఉన్నాయి. అరటాకు రేడియేటర్ రేకులకు అతుక్కుపోయి ఉంది. గాలి దూరే సందు లేదు.

దేవుడి మాల కూడా అడ్డమేనని ఎవరికి తోస్తుంది? లైట్లు విప్పమన్న నాకే తోచలేదు. నీకు నిజం రాయకపోతే రేపు ఇంకో బండికి అలాగే మాల వేసుకుని పోతావు, అందుకే రాశాను.

నేను విప్పుతుంటే మీ అక్క వాకిట్లో నిలబడి ఉంది. "ఏం చెడిందది?" అని అడిగింది. నా అతుకు ఊడిందన్నాను. అప్పటినుంచి నాకు అన్నం తన చేత్తో వడ్డించడం లేదు. అదే మేలు. నువ్వు కూడా అదే మాట మీద ఉండు. షెడ్డుకు తాళం వేశాను. ఊరు నన్నే అననీ.

పదహారో రోజు కర్మకు ఇసక్కి పటానికి మాల మీ అక్క తానే కట్టి తెస్తుందట, పొద్దున్నే పూలకు చెప్పి వచ్చింది. వద్దనకు మారీ. ఆ మాల తీసుకుని పటానికి వెయ్యి.

నీ బావ
పొన్నయ్య