ముత్తయ్యన్న మాట మీద పడ్డ తారీఖు

సూర్యాపేట నుంచి

తమ్ముడు లింగయ్యను, మరదలిని, పిల్లలను మీ అక్క సైదమ్మ దీవించి రాయించేది. గీడ మేమందరం బాగనే ఉన్నం. గాడ మీరెట్లున్నరు? నీ చెవి పోటు తగ్గిందా? మరదలు మోకాలికి దవాఖాన మందు పడ్డదా? కోడలా మమతా, ఈ ఉత్తరం చదివేది నువ్వేనని నాకు ఎరుకే. జర గట్టిగ చదువు. మీ మామకు ఒక్కసారికి వినపడదు, రెండుసార్లు చదువు. నచ్చని మాట వస్తే మింగకు.

రాసేది నా మనుమరాలు స్వప్న. చేతిరాత దానిది, మాట నాది. "అమ్మమ్మా, ఫోన్ చేసి చెప్పరాదు?" అన్నది. మొన్న ఫోన్ చేసి ఏమైంది? నేను ఒకటి చెప్తే నీకు ఇంకోటి వినపడ్డది. అందుకే కాయితం మీద పెట్టిస్తున్న. కాయితానికి చెవుడు లేదు.

నా సంగతి అడుగుతవేమో. తిండికి లోటు లేదు. స్వప్న మంచిగ చూసుకుంటది, ఆ మాట ముందే చెప్తున్న. దాని మొగడు మిర్యాలగూడ రైసు మిల్లుకు పొద్దున పోతే చీకటి పడ్డంకనే వస్తడు. ఇది ఇంట్లనే కంప్యూటర్ ముందల కూసొని ఆఫీసు పని చేస్తది. చంటోడు నా మీదనే ఉంటడు. వాడు నవ్వితే అన్నీ మరుస్త. వాడు పండుకుంటే మళ్ళ అన్నీ యాదికొస్తయి.

మూడో అంతస్తు తమ్ముడా. కింద మట్టి లేదు, మీద ఆకాశం లేదు. ఎండకు గోడలు పెనం తీరు కాలుతున్నయి. తలుపు నేను బయట కాలు పెట్టంగనే టక్కుమని దానంతట అదే పడుతది. ఒకనాడు చెత్త పారేయపోయి బయటనే ఉండిపోయిన. స్వప్న చెవులల్ల మాట వినే పోగులు పెట్టుకొని ఆఫీసోళ్లతోని మాట్లాడుతున్నది, నేను తలుపు కొట్టేది దానికేం వినపడుతది? మెట్ల మీదనే కూసున్న. లిఫ్టు ఎక్కుమంటరు. అది ఇంకో డబ్బా. నేను ఎక్క. బాల్కనీకి ఇనుప జాలి కొట్టించిండ్రు, ఆ జాలి సందుల నుంచి హైవే మీద కోదాడ పోయే బస్సులు కనపడుతయి. రోజూ సూస్త. ఎక్కనీకి లేదు. నా నోటితోని నేనే తాళం ఏసుకున్న కద.

ఆ తాళం సంగతే రాయిస్తున్న. నీకు తెలిసిన కతనే, అయినా మొదటి నుంచి చెప్తున్న. ఎందుకంటే ఈ ఉత్తరం నువ్వు ఇంకొకలకు కూడ వినిపియ్యాలె.

మన పొలానికి పోయే బాట పక్క పొలం ముత్తయ్యన్న గట్టెంబడి ఉన్నది. మన నాయిన కాలం నుంచి బండ్లు అక్కడనే తిరిగినయి. నేను సూర్యాపేట వచ్చినంక ముత్తయ్యన్న ఒకనాడు నాకు ఫోన్ చేసిండు. మంచి చెడ్డ అడిగిండు. అడిగి, "సైదమ్మా, నేనున్నా లేకున్నా ఆ బాట మీదే, మావోడు ఏమన్నా అంటే నా పేరు చెప్పు" అన్నడు. నా ఫోన్ల మాట్లాడిన మాటలన్నీ దానంతట అదే పట్టి పెట్టుకునేది. ఆ మాట కూడ పట్టింది. తర్వాత కొన్ని రోజులకే మనిషి పోయిండు.

ఆయన దినాలు అయిపోయినయో లేదో, కొడుకు సత్తయ్య బాటకు అడ్డం తీగె కట్టిండు.

అప్పుడు స్వప్న ఏం చేసిందంటే, ఆ మాటను నా ఫోన్ల నుంచి తీసి కంప్యూటర్ల ఏసింది. దాని కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నదట. నాకు సమజ్ కాలే.

"లోపల ఎట్ల పడుతదే?" అన్న.

"నీ పోపుల డబ్బాల చిన్న గిన్నెలు ఉండయా? అట్ల. ఆఫీసు పనంతా లోపలి దాంట్లనే. వర్చువల్ మిషన్ అంటరు."

మాట సాఫ్‌గ వినపడేటట్టు చేసేది ఆ లోపలి దాంట్లనే ఉన్నదట. అందుకని లోపలికి పంపింది, సాఫ్ చేసింది, మళ్ళ బయటికి తెచ్చింది, పెన్‌డ్రైవ్‌ల పెట్టి నా చేతికిచ్చింది. ఇగ మాట భద్రం అయింది కదా అని నా పాత ఫోన్ నీ కోడలికి ఇచ్చిన. నాకు కొత్తది కొనిపెట్టిండ్రు.

పంచాయతీ ఆఫీసుల పెద్దమనుషుల ముందల ఏమైందో నువ్వు సూసినవ్. ముత్తయ్యన్న గొంతు వినపడంగనే అందరు తలలు వంచిండ్రు. బాట మాట అయిపోంగనే సత్తయ్య ఆపమన్నడు. కంప్యూటర్‌ల వేలు పెట్టి సూపిచ్చిండు. "తారీఖు సూడుండ్రి. మా నాయిన దినాలు అయినంక ఉన్నది. ఏందత్తా, పైనుంచి ఫోన్ చేసిండా నీకు? సిగ్నల్ మంచిగ దొరికిందా?"

నవ్విండ్రు. నా ఇంట్ల పప్పన్నం తిన్నోళ్లు నవ్విండ్రు. ఒకాయన అయితే, "ఇప్పుడు ఎవల గొంతు కావాలంటే వాళ్లది కంప్యూటర్ల తయారు చేస్తున్నరట" అన్నడు. సచ్చినోని గొంతు దొంగతనం చేసిన మనిషిని చేసిండ్రు నన్ను. అప్పుడే అన్న, ఆ బాట తెరిచేదాక ఈ ఊళ్ళె మంచినీళ్లు ముట్టనని. కోపంల అన్న. అయినా అన్నమాట అన్నదే. వెనకకు తీసుకోను.

ఇంటికొచ్చి స్వప్నను కూసోబెట్టి అడిగిన. "గిన్నె మారిస్తే జీలకర్ర ఆవాలయితదా?"

"కాదమ్మమ్మా. జీలకర్ర జీలకర్రనే. కాని కొత్త గిన్నెల పోసిన రోజే పుట్టినట్టు దాని మీద చీటీ పడుతది. పాత చీటీ కూడ తెమ్మని కంప్యూటర్‌కు మనం చెప్పాలె. నేను చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"ఆఫీసుల లోపల ఏమున్నదో సూస్తరు. పైన తారీఖు ఎవలూ సూడరు."

గిది రాయిస్తుంటే స్వప్న ఏడుస్తున్నది. ఏడువు, గాని రాయి అన్న. దాని తప్పు లేదు తమ్ముడా. అన్నం వండేటప్పుడు బియ్యం ఏ ఏడాదివో ఎవరు అడుగుతరు? అయినా నేను దాన్ని ఇడువలే. ఈ నెలంతా దాని పని అయిపోంగనే నా ముందల కూసోబెట్టి చేయించిన. చంటోడి నవ్వు ఒకటి పాతది ఉంటే దాన్ని లోపలికి పంపింది, బయటికి తెచ్చింది. మొదట తారీఖు మారింది. తర్వాత తారీఖు కూడ తెమ్మని చెప్పి తెచ్చింది, మారలే. ఇంకో ఉపాయం, మూట కట్టి పంపుడు. మూట మీద కొత్త తారీఖు పడుతది గాని, లోపల కట్టినయి ఎట్లవట్లనే ఉంటయి. నేను పక్కన కూసొని ఆ అంకెలు గుర్తుపట్టుడు కూడ నేర్చిన. అక్షరం రాదు గాని, పోయిన అంకె వచ్చిన అంకె ఒకటేనా కాదా తెల్వదా నాకు?

గాని ముత్తయ్యన్న మాట మీద అసలు తారీఖు నా పాత ఫోన్లనే ఉన్నది. అందుకే మొన్న నీకు ఫోన్ చేసిన, అది భద్రంగ పెట్టమని. నీకేం వినపడ్డదో, కోడలు దాన్ని వాట్సాప్‌ల స్వప్నకు పంపింది. దాని మీద ఇంకో కొత్త తారీఖు, మూడోది పడ్డది! పైగా, "ఫోన్ నిండిపోయింది, పాతయి తీసేస్తున్న" అన్నదట. మమతా, నీ కాళ్లు మొక్కుత, ముట్టకు. తీసేయకు. ఎవలకు పంపకు. కోదాడ రిపేరు షాపుల ఇయ్యకు. నిండితే నిండనియ్యి. గుడ్డల సుట్టి నా పెట్టెల పెట్టు.

ఇంత చేసినంక స్వప్న ఇంకో మాట చెప్పింది. దాస్తే దాయొచ్చు, దాయలే. "అమ్మమ్మా, తారీఖు అసలుది సూపెట్టినా సత్తయ్య ఒప్పుకోకపోవచ్చు. కావాలని తారీఖు మార్చేటోళ్లు కూడ ఉంటరు."

ఆ మాటకు నా పానం ఉసూరుమన్నది. ఆ రోజు అన్నం తినలే. ఇగ ఈ జాలి వెనకనే సస్త అనుకున్న. ఆ బాట మీద తీగె, నా మీద ఈ తలుపు.

తెల్లారి స్వప్న మళ్ళొకసారి సరిసూసుకుంట మాట మొత్తం పెట్టింది. పెట్టి, "చివర్ల ఎవరో అరుస్తున్నరు అమ్మమ్మా, నాకు సమజ్ అయితలేదు, నువ్వు విను" అని చెవుల పోగులు నాకు పెట్టింది. విన్న. రంగమ్మొదిన తమ్ముడా! ముత్తయ్యన్న పెండ్లాం. దొడ్ల నుంచి మొత్తుకుంటున్నది: "ఓ ముసలోడా, ఎవలతోని ముచ్చట? సైదమ్మనా? తిన్నదా అడుగు. అడిగి ఫోన్ పెట్టేసి రా, బర్రె ఈనుతున్నది!" ముత్తయ్యన్న నవ్వి, "మీ వదిన అడుగుతున్నది, తిన్నవా?" అన్నడు. అంతే, పెట్టేసిండు.

ఇగ చెప్పు. ఆ బర్రె ఈనింది ముత్తయ్యన్న పానంతోని ఉండంగనా, పోయినంకనా? జున్నుపాలు ఇంటింటికి పోసి వచ్చింది ఆయన కాదా? నవ్విన పెద్దమనుషులు ఆ జున్ను తినలేదా? ఆ దూడ ఇప్పుడు గడ్డి మేస్తున్నది. దాన్ని ఏ గిన్నెల నుంచి ఏ గిన్నెలకు మార్చినా దాని వయసు మారుతదా?

ఎగిరి పంచాయతీకి పోకు. నా మాట పూర్తిగ విను. రంగమ్మొదినను నలుగుర్ల నిలబెట్టకు. ఆమె కొడుకు చేతి బువ్వ తింటున్నది. ఆనాడు ఆఫీసు తలుపు పక్కన నిలబడి, మొగని గొంతు వినపడంగనే కొంగు నోట్ల పెట్టుకున్నది. నేను సూసిన. నేను జాలి వెనక ఉన్న, ఆమె కొడుకు గడప వెనక ఉన్నది. ఇద్దరికీ ఒకటే తాళం. నువ్వు ఆ ఫోన్ పట్టుకొని వాళ్లింటికే పో. సత్తయ్యను వాళ్లమ్మ పక్కన కూసోబెట్టు. ఈ ఉత్తరం వినిపియ్యి. తర్వాత ఫోన్ల ఆ మాట పెట్టు, చివరిదాక పెట్టు. నడుమ ఆపనియ్యకు. తారీఖు సూపియ్యి, సూడకుంటే మానె. బర్రె మాట వచ్చినప్పుడు వాడు వాళ్లమ్మ మొకం దిక్కు సూడాలె. అంతే. నువ్వు తిట్టకు, బతిమిలాడకు, లేచి రా.

సత్తయ్యా, ఇది నీ ముందల చదువుతుంటే విను. నిన్ను నేను ఎత్తుకున్న. మీ నాయిన గొంతు నా దగ్గర ఉన్నది, అది నీది కూడ. కావాలంటే తారీఖు మారకుండ మూట కట్టించి ఇస్త. తీగె తియ్యి. వరి పండింది, కోత మిషన్ లోపలికి పోవాలె.

తమ్ముడా, వచ్చేటోళ్లు ఎవరన్న ఉంటే ఇంత చింతపండు, పుంటికూర విత్తులు పంపు. బాల్కనీల డబ్బాల ఏస్త. మన చిన్నమ్మకు నా దండాలు చెప్పు, నా మీద ఆమె దీవెన ఉండాలని అడిగిన అను. మరదలిని మెట్లు ఎక్కొద్దను. పిల్లలకు ముద్దులు. మీరంతా సల్లగుండాలె.

ఇట్లు నీ అక్క సైదమ్మ. ఈ కింద ఉన్నది నా ఎడమ బొటనవేలు ముద్ర.

ఇంకొక్క మాట. కోత మిషన్ బాట పట్టిన నాడు ఫోన్ చెయ్యి. ఏం చెప్పకు, నువ్వు చెప్పేది నాకు సమజ్ కాదు, నేను చెప్పేది నీకు వినపడదు. ఫోన్ మిషన్ దిక్కు పట్టు. ఆ సప్పుడు వినపడితే చాలు, కోదాడ బస్సు నేనే ఎక్కుత. మరదలిని ఒక చెంబు నీళ్లు పట్టుకొని బాట మీద నిలబడుమను.