అత్తాకోడళ్ళ నడుము కసరత్తు

బేతంచెర్ల

నాగలత వదినకు,

నవ్వు ఆగక అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమీ అనుకోకు. బండలెత్తీ ఎత్తీ నా నడుము పట్టేసిందని, పాలిష్ ఫ్యాక్టరీలో పని మానాల్సి వస్తుందేమోనని ఏడ్చాను కదా. కర్నూలులో ఫిజియోథెరపీ చేసే శివాని మేడం, పొట్ట కండరాలు గట్టిపడితే నడుముకు ఆసరా అని చెప్పింది. మోకాళ్ళూ అరచేతులూ నేలకు ఆనించి, కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాపమంది. ఊపిరి మాత్రం బిగపట్టొద్దంది.

రోజూ చేస్తుంటే మీ అమ్మ, "ఏందమ్మీ, ఆవు మాదిరి నిలబడినావు?" అని ఎగతాళి చేసేది. మెల్లగా నొప్పి తగ్గి, మళ్ళీ పనికి పోతున్నాను.

నిన్న సాయంత్రం ఇంటికొస్తే మీ అమ్మే నట్టింట్లో చెయ్యీ కాలూ చాపి వణుకుతోంది!

"నవ్వొద్దు. నేనూ బండలు మోసినదాన్నే గదా. శానా దినాలుగా నొస్తాండాది, ఎవురికీ చెప్పల్యా. ఇంగో కాలు యాడ పెట్టల్ల?" అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కనే మోకాళ్ళ మీద వంగి చూపించబోయాను. అంతలో ఆమె ఒరిగి నా మీద పడింది. ఇద్దరం లేవలేక పడీ పడీ నవ్వాం.

వచ్చేటప్పుడు పెద్ద చాప ఒకటి తీసుకురా వదినా. మీ అమ్మ వీధిలోని ఆడవాళ్ళందరినీ రమ్మని చెప్పేసింది.

నీ మరదలు