దండ వేసిన పటం, కత్తిరించిన వాక్యం

2025 ఆగస్టు 16, శనివారం, ఇస్నాపూర్. ఈ రోజు పనులు: ఇడ్లీపిండి రుబ్బాను, ట్యాంకరు నీళ్ళు డ్రమ్ములకు పట్టాను, బట్టలు ఆరేశాను, నిన్న జెండా పండుగకు మా ఆయన ముత్తాత పటానికి వేసిన దండ తీశాను. ఇన్ని పనులు వరుస తప్పకుండా చేసిన మనిషికి మతి స్థిమితంగా ఉందనడానికి డాక్టరు కాగితం అక్కర్లేదు. దుర్గాప్రసాద్ భార్య అరుణమ్మ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. అమలు జరపవలసింది మా ఆయన.

1. గాజులు, కుట్టుమిషను మా అమ్మాయి శ్రీదివ్యకు. ఇడ్లీ పాత్ర మా ఆయనకు; షిఫ్టు దిగి అడిగేది అదే గనక, వాడడం కూడా నేర్చుకుంటారని ఆశ.

2. మామగారు పోయేముందు నా చేతికిచ్చిన తెల్లదొరల కాలపు పత్రికల కట్ట శ్రీదివ్యకే. వాటి వ్యంగ్యచిత్రాల్లో దేశమంటే ఎప్పుడూ పట్టుచీర కట్టిన ఒక ఆడమనిషి. ఆమెను కాపాడతామంటూ చుట్టూ బోలెడు తలపాగాలు. ఆమెకు ఎవరైనా మంచినీళ్ళిచ్చిన బొమ్మ మాత్రం నాకు కనబడలేదు.

3. ఆ కట్టలోంచి తీసి ఫ్రేము కట్టించిన, నిన్న దండ వేసిన ఆ పటం మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు భీమశంకరం గారికి. అందులో వారి ముత్తాత దొర ముందు నేలమీదికి వంగి ఉంటారు. మాతృభూమికి మొక్కుతున్నారని బావగారు ఏటా జెండా కింద ఉపన్యసిస్తారు. పక్కింటి పుష్పమ్మ ఒక్కసారి చూసి, "గాయన మొక్కుతలేడక్కా, దొర బూట్ల కాడ ఏమో దేవులాడుతుండు" అంది.

4. ఫ్రేములో పట్టదని పటాన్‌చెరు దుకాణంలో "బొమ్మ చాలు, కింద రాత తీసేయవయ్యా" అన్నది బావగారే. చదివి అన్నారో, చదవకే అన్నారో. ఆ ముక్క నేను దాచాను: "దొరగారి జోళ్ళ కింద రావుబహద్దూరు బిరుదు వెతుకుతున్న దేశభక్తుడు." ఇదీ బావగారికే. బొమ్మ కింద అంటించి, జెండా దగ్గర చదివిన నాడే పటం వారిది. లేదంటే అదీ శ్రీదివ్యదే.

5. నిరుడు కాలనీ సభలో మైకు వదలని బావగారిని శ్రీదివ్య బొమ్మ గీసింది. "ఆడపిల్లకి వెక్కిరింపులేంటమ్మా, దేశమంటే గౌరవం ఉండక్కర్లా?" అంటూ నలుగురిలో చించేశారు. మైకుకూ దేశానికీ ఏం చుట్టరికమో నాకు తెలియదు. ఆ రోజునుంచి పిల్ల పెన్సిలు ముట్టలేదు. అందుకని ఒక పెన్సిళ్ళ పెట్టె దానికి. ఇది నేను పోయాక కాదు, ఈ సాయంత్రమే.

సంతకం: అరుణమ్మ
సాక్షులు: పక్కింటి పుష్పమ్మ, ఆమె భర్త దశరథ్

అడుగున: సాక్షులు సంతకాలు చేసి టీ తాగేలోపు, శ్రీదివ్య కొత్త పెన్సిలు తీసి ఈ కాగితం వెనక వాళ్ళ పెదనాన్నను మైకుతో సహా మళ్ళీ గీసింది. ఈసారి చించాలంటే ఆయనకు పటం రాసి ఉన్న వీలునామానే చించాలి. బావగారు చించిన బొమ్మ బాకీ చెల్లు.