సోమవారం సెలవు

ఏమండీ,

మీరు పోయి ఈ సోమవారానికి ఏడాది. మన సంఘానికి వచ్చిన కొత్త పాస్టరు సోమవారాలు సెలవు తీసుకుంటున్నాడు. దేవుడే ఏడో రోజు విశ్రమించాడు, నేనెంతని ఆరాధనలోనే చెప్పేశాడు. సంఘపెద్దలు మొహాలు మాడ్చుకున్నారు.

"పాత అయ్యగారు పాతికేళ్లలో ఒక్క దినం సెలవెట్టినారా?" అన్నారు. మీ సమాధి దగ్గరా ఇదే పొగడ్త. అప్పుడు నేనూ గర్వంగా తలూపాను.

ఈ ఉదయం రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు భార్య కొత్త పాస్టరు తలుపు కొట్టబోతుంటే, ఎదురింటి నుంచి నేనే అడ్డం వెళ్లాను.

"ఇంట్లో ప్రార్థన ఎట్టుకున్నాం పాస్టరమ్మా, అయ్యగారిని లేపండి."

"తొంగున్నారు. రేపు రామ్మా," అన్నాను.

గొణుక్కుంటూ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల సందులోకి తిరిగిపోయింది. కొంపలేం మునగలేదు.

మిమ్మల్ని ఆ రోజు జ్వరంలో లేపింది నేనే. నెలల తరబడి నిద్రలేక మీ కళ్లు గుంటలు పడ్డాయి. అయినా, "ప్రార్థనకి జనం కాసుకుని ఉన్నారు, లెగండి" అన్నాను. ఆ ప్రార్థనలో మోకరించిన మీరు మళ్లీ లేవలేదు.

వెళ్లేముందు, "ఇంకో పది నిమిషాలు తొంగోనీయే," అని అడిగారు. నేను ఇస్త్రీ చొక్కా చేతికిచ్చాను.